పక్క సాలు

విమానాశ్రయం లౌంజ్‌లో చనిపోయిన మనిషి ముందు కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది.

ఎదుటి సీట్లలో ఉన్నవాళ్ళు అతను కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఫ్లైటుకు ఆఖరి పిలుపు వచ్చినా కదలకపోయేసరికి స్టాఫ్‌లో ఒకమ్మాయి వచ్చి భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. అరచేతులు రెండూ సిరాలో ముంచినట్టు నీలంగా ఉన్నాయి. బ్రీఫ్‌కేసు మాయమైంది. చిరిగిన కోటు జేబులోంచి గుప్పెడు శనగలు నేల మీదికి దొర్లాయి. స్వీపరు వాటిని ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు.

"శనగల కోసం మనిషిని చంపారా సర్?" అడిగాడు పల్లేరు, ఆ శవం ఫొటో ఫైల్లో పెట్టేస్తూ.

పల్లేరు అన్నది అతని కోడ్‌నేమ్. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్లందరికీ కలుపు మొక్కల పేర్లే. ఎక్కడ పారేసినా బతుకుతారని చీఫ్ ఒకప్పుడు సరదాగా మొదలుపెట్టాడు. పల్లేరు అన్నయ్య కోడ్‌నేమ్ జిల్లేడు. అతన్ని ఒక రేవు పట్నంలో పారేస్తే బతకలేదు. చీఫ్ సరదా మాత్రం చెక్కుచెదరలేదు.

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇస్త్రీ నలగని సూటు, కనుబొమ్మ మీద చిన్న గాటు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనకు తగిలిన దెబ్బ అదొక్కటే.

"వేరు కుళ్ళు అని ఒక తెగులుంది. చేను పూత మీద కళకళలాడుతుంటుంది. ఉన్నట్టుండి మొక్క గడ్డి రంగుకు తిరుగుతుంది. పీకితే తల్లివేరు ఎండుపుల్లలా విరుగుతుంది. ఎండలు ముదిరేకొద్దీ అదీ ముదురుతోంది. రీసెర్చ్ స్టేషన్‌లో ఒకావిడ జీవితమంతా దానిమీదే కూర్చుని, తట్టుకునే రకం ఒకటి తయారు చేసింది. ఉన్నది ఒక్క బస్తా. ఈ వారం బయటికెళ్తుంది. దాన్ని పెంచి, ఆ పంటనే మళ్ళీ విత్తి, కొన్నేళ్ళలో దేశమంతా వేస్తారు."

"కడుపుమంట ఎవరికి?"

"ఒక విదేశీ సిండికేట్. పైకి సీడ్ కంపెనీ. ఏటేటా విత్తనంతో పాటు అంటగట్టడానికి ఆ తెగులుకు మందుగా ఒక పౌడర్ తయారుచేసి పెట్టుకున్నారు. మన విత్తనం నిలబడితే ఆ పౌడర్ మొహానికి రాసుకోవడానికి కూడా పనికిరాదు. అందుకని అసలు బస్తా తీసేసి, చూడ్డానికి అలాగే ఉండే తట్టుకోలేని రకం బస్తా పెడతారు. మన రైతులు మన చేతుల్తో ఇచ్చిందే వేస్తారు. చేలు తగలబడతాయి. మనల్ని తిట్టుకుంటూ వాళ్ళ దగ్గరికి పరిగెత్తుతారు. లౌంజ్‌లో చచ్చినవాడు మన కొరియర్. దాచిపెట్టడానికి శాంపిల్ తీసుకెళ్తున్నాడు."

"లోపల వాళ్ళ మనిషెవరు?"

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. నల్లకళ్ళద్దాలు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎర్రటి కోటు, మొత్తం ప్రపంచం ఆలస్యంగా వచ్చిందన్నట్టు ఒక నవ్వు.

పల్లేరు చాలాసేపు ఫొటో వైపే చూశాడు. ఆమె అతని వదిన.

అమ్మానాన్నా లేని ఆ ఇంట్లోకి ఆమె కోడలిగా వచ్చేటప్పటికి పల్లేరు హైస్కూల్లో ఉన్నాడు. మొదటి ఇంటర్వ్యూకి చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది ఆవిడే. కళ్ళు కదపకుండా అబద్ధం ఎలా ఆడాలో పేకాట బల్ల దగ్గర నేర్పిందీ ఆవిడే. అన్నయ్య చనిపోయాక, అతను వెళ్ళిన రూటు బయటికి చెప్పింది భార్యే అని డిపార్ట్‌మెంట్ తేల్చింది. అదే నెలలో ఆవిడ సిండికేట్ కంపెనీలో వైస్ ప్రెసిడెంటుగా చేరింది. ఇంకేం రుజువు కావాలి? అప్పటినుంచి పల్లేరు ఆవిడను అసహ్యించుకుంటున్నాడు. జ్వరమొచ్చిన ప్రతిసారీ ఆవిడే గుర్తొస్తుందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంటి మనుషుల్లో మిగిలింది వాళ్ళిద్దరే.

"నీకు కష్టమని తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. దగ్గరికి రానిచ్చేది నిన్నొక్కడినే," అన్నాడు చీఫ్. "బస్తా మీద చెయ్యి వెయ్యగానే లేపెయ్."

"ప్రాణాలతో తెస్తాను సర్. జైలుకు పంపండి, ఏమైనా చెయ్యండి. ఈ ఒక్కటీ కాదనకండి."

చీఫ్ సొరుగు తెరిచి, మెకానిక్కులు వాడే టెంపరేచర్ గన్ లాంటిది బల్ల మీద పెట్టాడు.

"టెంపరేచర్ నిజంగానే చూపిస్తుంది. కింది బటన్ నొక్కితే డార్ట్ వెళ్తుంది. రెండున్నాయి. మత్తుమందు. పూటంతా నిద్రపోయి లేస్తుంది. చాలా?"

పల్లేరుకు ఆ మనిషి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. తర్వాత్తర్వాత అది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు కంపరమెత్తేది.

"శత్రువుని తికమకపెట్టడానికి డమ్మీ బస్తా ఒకటి నేనే పంపిస్తాను," అన్నాడు చీఫ్. "అసలుదానికి ఆకుపచ్చ ట్యాగ్ ఉంటుంది. పాస్‌వర్డ్ గుర్తుందిగా? బావిలో నీళ్ళున్నాయా?"

"చేదే లేదు," అన్నాడు పల్లేరు.

* * *

స్టేషన్‌లో పల్లేరు కోల్డ్ స్టోర్ మెకానిక్. గుబురు మీసం, గ్రీజు మరకల ఓవరాల్, చెవిలో వినికిడి మెషీన్‌లా కనిపిస్తూ ఇక్కడి మాటలన్నీ చీఫ్‌కు చేరవేసే ఇయర్‌పీస్. గేటు దగ్గర గార్డు పాస్‌వర్డ్ అడిగి, జవాబు విని, ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగాడు. రూలంటే ప్రాణమిచ్చే రకం. చాదస్తం అంటుకునే జబ్బయితే స్టేషన్ మొత్తం మంచాన పడేది.

విత్తనం తయారుచేసిన శాస్త్రవేత్తను అక్కడందరూ డాక్టరమ్మ అంటారు. మోకాళ్ళ నొప్పులు, మెడలో భూతద్దం, ముక్కు మీద కోపం. కంప్రెసర్ చూడ్డానికి వచ్చినవాణ్ణి ఆవిడ ముందు పొలంలోకి లాక్కెళ్ళింది.

"ఏమయ్యా మెకానిక్కూ, నువ్వు మెకానిక్కువి కావని నాకు చెప్పారులే. దేన్ని కాపాడుతున్నావో ఒకసారి చూసిపో."

పొలం చూసి పల్లేరు బిత్తరపోయాడు. మూడో వంతు చేను చచ్చి ఉంది. రెండు సాళ్ళు పచ్చగా ఉంటే ఆ పక్కన ఒక సాలు మొదలంటా ఎండి ఉంది. మళ్ళీ రెండు, మళ్ళీ ఒక ఎండు సాలు.

"తెగులు మడి అంటాం దీన్ని. ఎండిన మొక్కల వేర్లన్నీ ఏరి, తరిగి, ఏటా ఇందులోనే కలుపుతాను."

"తెగులుని పెంచుతున్నారా?"

"పెంచి పోషిస్తున్నాను. పాముకు పాలు పోసే ఉద్యోగం నాది. ఏ మొక్కకు కాటు ఎక్కదో తెలియాలంటే పాము బలంగా ఉండాలిగా." ఆవిడ ఎండిన సాలులో ఒక మొక్కను రెండు వేళ్ళతో పీకింది. వేరు సగంలో తెగిపోయింది. "ఇది చెక్ సాలు. చావడానికే వేసే రకం."

"పాపం కదండీ."

"పాపమే. ఇది చావకపోతే పక్కది గట్టిదని ఎలా చెప్పను? తెగులు లేనిచోట అన్నీ వీరులే. పచ్చగా ఉందని ఏ మొక్కనూ నమ్మకు. ముందు దాని పక్క సాలు చూడు. పక్క సాలు బతికుంటే ఇది అదృష్టం కొద్దీ తప్పించుకుందని. పక్క సాలు చచ్చి ఇది బతికితే, దీని సంగతి వేరని."

"గింజ చూస్తే తెలియదా?"

"ఏ గింజైనా శనగలాగే ఉంటుంది. మొహం చూసి చెప్పే విద్య నాకు రాదు. వేసి, పూతదాకా ఆగాల్సిందే."

వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఎర్ర కోటు, నల్లకళ్ళద్దాలు. మడి గట్టు మీద కూడా ఎత్తు మడమల చెప్పులతో తడబడకుండా నడుస్తోంది. బస్తా పంపే కార్యక్రమానికి కంపెనీ తరఫున అతిథిగా వచ్చిందట.

"డాక్టర్ గారూ, ఒక సందేహం," అంది వదిన. "ఎప్పుడు చూసినా, ఎక్కడ వేసినా, చుట్టూ ఉన్న సాళ్ళన్నీ చచ్చి ఒక్కటి మాత్రం పచ్చగా ఉంటే?"

"మొక్కయితే తెగులును జయించినట్టు."

"మనిషయితే?"

"మనుషుల మీద నేను ప్రయోగాలు చెయ్యను," అని డాక్టరమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ నీడలోకి నడిచింది.

వదిన పల్లేరు పక్కన నిలబడి, చేను వైపు చూస్తూ మెల్లగా అంది. "ఆ మీసం నీకు నప్పలేదు అబ్బాయ్. మీ అన్నయ్యకైతే బాగుండేది."

"అన్నయ్య పేరెత్తకు."

"సరే. బావిలో నీళ్ళున్నాయా?"

పల్లేరు చప్పున చుట్టూ చూశాడు.

"చేదే లేదు కదూ? మా కంపెనీ డ్రైవర్లక్కూడా తెలుసు ఆ పాస్‌వర్డ్. ఎవరు చెప్పారో ఆలోచించుకో."

"ఎవరిచేత చెప్పించుకున్నావో నువ్వే చెప్పు వదినా. అప్పుడు అన్నయ్య రూటు అమ్మినట్టు."

ఆమె నవ్వు ఒక్క క్షణం చెదిరింది. "రేవులో దిగింది నలుగురు. తిరిగొచ్చింది ఎవరు? కనుబొమ్మ మీద గాటుతో, ప్రమోషన్‌తో?"

"చాలు."

"ఆ కంపెనీలో చేరింది ఆ పేరు కనుక్కోవడానికే. చెబితే నమ్ముతావా?"

"నమ్మను."

"నాకు తెలుసు. నా కష్టానికి ఫలితం అది. అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పాను, నిజాన్ని పట్టుకోవడం నేర్పలేదు." ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద చారలు పడ్డాయి. "నిన్ను ఇక్కడ ఎందుకు వేశారో తెలుసుకో అబ్బాయ్. ఏ సాలులో వేశారో చూసుకో."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "పాస్‌వర్డ్ కూడా సంపాదించింది. చూశావా ఎంత లోతుకు పాకిందో?"

చూశాను సర్, అనుకున్నాడు పల్లేరు. ఎదురుగా ఉన్నది తప్ప అన్నీ చూశాడు.

* * *

బస్తా బయల్దేరే రోజు పొద్దున్నే చీఫ్ స్వయంగా వచ్చాడు. డమ్మీ బస్తా ఆయన కారులోనే వచ్చింది. లోడింగ్ గదిలో ట్రాలీ మీద రెండు బస్తాలూ పక్కపక్కన పెట్టారు. కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకదాని మూతికి ఆకుపచ్చ ట్యాగ్ వేలాడుతోంది. బయట చిన్న లారీ ఇంజన్ ఆన్ చేసి ఉంది. అందరూ వరండాలో టీ తాగుతున్నారు.

వదిన కనిపించలేదు. పల్లేరు కప్పు కింద పెట్టి లోడింగ్ గదికి పరిగెత్తాడు.

ఆమె ట్రాలీ దగ్గర మోకాళ్ళ మీద ఉంది. ఒక చేతిలో చిన్న కత్తెర, మరో చేతిలో ఆకుపచ్చ ట్యాగ్. ఒక బస్తాది తెంపి రెండోదానికి కట్టబోతోంది.

"వదినా, ఆగు."

"వచ్చావా. తలుపు వెయ్." ఆమె తల తిప్పలేదు. "మార్చింది నేను కాదు. మార్చినదాన్ని సరిచేస్తున్నా. కారులోంచి దించేటప్పుడే ట్యాగ్ మార్చారు. నా కళ్ళతో చూశాను."

"చెయ్యి తియ్."

"అబ్బాయ్, ఇది ముడి వేసేదాకా ఆగు. తర్వాత నీ ఇష్టం."

"కాల్చు," అన్నాడు చెవిలో చీఫ్. "కాల్చు. ఇప్పుడే."

మత్తుమందేగా, అనుకున్నాడు పల్లేరు. పూటంతా నిద్రపోతుంది. లేచాక అరుస్తుంది, కొడుతుంది, ఏదైనా కానీ. లేస్తే చాలు. కింది బటన్ నొక్కాడు.

ఆమె మెడ మీద చెయ్యి పెట్టుకుని అతని వైపు తిరిగింది. కోపం లేదు. కాస్త ఆశ్చర్యపోయింది, అంతే. అతను పరిగెత్తి పట్టుకున్నాడు.

"ఏం కాదు వదినా. మత్తుమందు. కాసేపు నిద్రపోతావు."

"నీకలా చెప్పారా?" అంది ఆమె. మాట ముద్దగా వచ్చింది. "మీ అన్నయ్యకూ ఇలాగే ఏదో చెప్పుంటారు. ట్యాగ్... అటువైపు దానికి."

చీఫ్ మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఆమె పిడికిలి విప్పి ట్యాగ్ తీసుకున్నాడు. తెంపిన బస్తాకే తిరిగి ముడివేశాడు. "సెభాష్," అన్నాడు. "లోడ్ చెయ్యండి. ఆలస్యమైంది." మనుషులు బస్తా ఎత్తారు. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి రెండు బస్తాల్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకూ తెలియదు. గింజ మొహం ఎవరికీ ఏమీ చెప్పదు.

పల్లేరు ఇంకా వదిన చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నాడి అందడం లేదు. చిన్నప్పుడు తన నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చెయ్యి. దాన్ని తిప్పి చూశాడు.

అరచెయ్యి నీలంగా మారుతోంది.

లౌంజ్‌లో కొరియర్ చేతులూ ఇదే రంగులో ఉన్నాయి. సిండికేట్ విషం. అది డిపార్ట్‌మెంట్ సొరుగులోంచి, తను కాళ్ళకు దణ్ణం పెట్టాలనుకున్న మనిషి చేతిలోంచి తన చేతిలోకి వచ్చింది. కొరియర్ ప్రయాణం చీఫ్‌కు తెలుసు. రేవు రూటు చీఫ్‌కు తెలుసు. పాస్‌వర్డ్ పెట్టింది చీఫే. అన్నయ్య చచ్చాడు, కొరియర్ చచ్చాడు, వదిన చచ్చింది. ఆయన పక్కన వేసిన సాళ్ళన్నీ ఎండుతూనే ఉన్నాయి. ఆయనొక్కడే నవనవలాడుతున్నాడు.

బయట లారీ కదిలిన చప్పుడయింది.

పల్లేరు తన జన్మలో అంత వేగంగా పరిగెత్తలేదు. లారీ గేటు దాటబోతోంది. బారియర్ అప్పటికే లేచి ఉంది.

"బారియర్ దించు!"

గార్డు తాడు పట్టుకుని అతనివైపు తిరిగాడు. "బావిలో నీళ్ళున్నాయా?"

"చేదే లేదు, దించరా బాబూ!"

బారియర్ లారీ బానెట్ మీద ధడాలున పడింది. ముందు చక్రాలు గేటు గీత మీద ఆగాయి.

చీఫ్ తాపీగా నడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే డాక్టరమ్మ, స్టేషన్ స్టాఫ్. "ఏంటిది పల్లేరూ? బంధుప్రీతా? షాక్‌లో ఉన్నాడు, పక్కకు తీసుకెళ్ళండి."

పల్లేరు టెంపరేచర్ గన్ ఎత్తాడు.

"ఇందులో ఇంకో డార్ట్ ఉంది సర్. మత్తుమందేగా. పూటంతా నిద్రపోయి లేస్తారు. లేచాక నాకు ఏ శిక్షయినా వెయ్యండి. చెయ్యి చాపండి."

చీఫ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరిచ్చిందే సర్. భయం దేనికి?"

ఇంకో అడుగు. ఇస్త్రీ నలగని సూటు వెళ్ళి లారీకి ఆనుకుంది. కనుబొమ్మ మీది గాటు తప్ప మొహంలో రంగున్న చోటు లేదు. "వద్దు," అన్నాడు. "వద్దు, దించు. అన్నీ చెప్తాను."

ఆయన చెప్పక్కర్లేకపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళకు సగం అప్పుడే అర్థమైంది. చేతులు విరిచికట్టిన గార్డు రూలు ప్రకారం ఆయన్ని కూడా పాస్‌వర్డ్ అడిగాడు.

పల్లేరు బటన్ నొక్కలేదు. నొక్కాలని చెయ్యి ఎంత పీకిందో అతనికే తెలుసు.

"ఏ బస్తా పంపాలి?" అడిగింది డాక్టరమ్మ. "అదను పోతే ఏడాది పోతుంది. తప్పు బస్తా పోతే నా జీవితం పోతుంది."

"ఆవిడ ట్యాగ్ కట్టబోయింది పంపండి."

"ఆమె మీద అంత నమ్మకమా?"

"ఇప్పుడొచ్చింది," అన్నాడు పల్లేరు. "కాస్త ముందు రావలసింది."

* * *

రెండు బస్తాల్లోంచీ తలా గుప్పెడు తీసి డాక్టరమ్మ తెగులు మడిలో వేయించింది. మధ్యలో చెక్ సాళ్ళు. పల్లేరు సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాడు. కంప్రెసర్ కూడా నిజంగానే బాగుచేశాడు. రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చునేవాడు. వదిన అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని మనసులో ఒక మూల కోరుకునేవాడు. అలాంటి కోరికకు సిగ్గుపడేవాడు కూడా. ఆవిడ చెప్పింది అబద్ధమైతే దేశం మునుగుతుంది. నిజమైతే తను మునుగుతాడు.

పూత వచ్చింది. చెక్ సాళ్ళు గడ్డి రంగుకు తిరిగాయి. వాటితో పాటే చీఫ్ ట్యాగ్ కట్టిన బస్తా సాలూ ఎండింది.

దాని పక్కన వదిన చెప్పిన సాలు పచ్చగా నిలబడింది. ఆకు మీద మచ్చ లేదు. ఊదారంగు పూలు తేనెటీగల్ని కూడా లెక్కచెయ్యకుండా విచ్చుకున్నాయి.

డాక్టరమ్మ ఒక మొక్కను మట్టితో సహా తవ్వి చూపించింది. వేరు తెల్లగా, పిల్లవేర్లతో గుబురుగా ఉంది. "నిజమే చెప్పిందయ్యా," అంది. పల్లేరు అక్కడే, మట్టిలో కూర్చుని ఏడ్చాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పితోనే పక్కన కూలబడింది.

చీఫ్ జైలుకు వెళ్ళాడు. డిపార్ట్‌మెంట్ పరువు కోసం అనారోగ్య కారణాలని ప్రకటించారు. వదిన పేరు దోషుల జాబితాలోంచి తీసేస్తామన్నారు. దానికొక కమిటీ వేశారు.

పల్లేరు రిపోర్టు రాసి పంపాడు. చెక్ సాలు సంగతి, పక్క సాలు సూత్రం, చీఫ్‌ను దాంతో ఎలా గుర్తుపట్టాడో, అంతా వివరంగా రాశాడు. వారం తిరక్కుండా కొత్త చీఫ్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. అదే గది, అదే బల్ల, వేరే కళ్ళజోడు.

"మీ రిపోర్టు రెండుసార్లు చదివాను. అద్భుతం. ఆ సూత్రాన్ని అన్ని ఫైళ్ళకూ వర్తింపజేస్తున్నాం," అన్నాడు కొత్త చీఫ్. "మొదట మీ ఫైలే తీశాం. మీ అన్నగారు పోయారు, వదినగారు పోయారు, మీ చీఫ్ లోపలికెళ్ళాడు. చుట్టూ అన్ని సాళ్ళూ ఎండిపోయి మీరొక్కరే పచ్చగా ఉన్నారు. ఎలాగో చెప్తారా?"

తలుపు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడ్డారు. పల్లేరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో డిపార్ట్‌మెంట్ తన రిపోర్టును చివరిదాకా చదవడం ఇదే మొదటిసారి.